మా వీధిలో 1870ల నాటి ఇల్లు కూల్చేస్తారంట, హిస్టారికల్ సొసైటీ వాళ్ళు వచ్చి మాట్లాడమంటున్నారు

సిరిమల్లె_సౌత్‌బే:
మేముండేది శాన్ హోసే దగ్గర్లో చిన్న ఊరు. మా వీధి మొదట్లో పెద్ద ఓక్ చెట్టు వెనకాల పాత చెక్క ఇల్లొకటి ఉంది, 1870ల్లో కట్టిందంట. తూర్పు నుంచి బండ్ల మీద వచ్చినవాళ్ళ కుటుంబం, మొదట గోధుమ వేశారు, తర్వాత ప్రూన్ తోటలు పెట్టారు. ఆ ఇంట్లో చివరిదాకా ఉన్న పెద్దావిడ పోయాక వారసులు అమ్మేశారు. కొన్నాయన దాన్ని తీసేసి టౌన్‌హోములు కడతానని సిటీకి అప్లై చేశాడు, ఫెన్సుకి నోటీసు బోర్డు కూడా కట్టారు. మొన్న హిస్టారికల్ సొసైటీ నుంచి ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు అడుగుతూ మా ఇంటికొచ్చింది. సంతకం పెట్టా. పాత కట్టడాల సంగతి చూసే సిటీ హెరిటేజ్ కమిషన్ మీటింగ్‌కి వచ్చి రెండు మాటలు మాట్లాడతావా అని అడిగింది. మా పాప థర్డ్ గ్రేడ్, వాళ్ళకి ఈ ఏడాది సొంత ఊరి చరిత్రే పాఠం, ఆ ఇంటి బొమ్మ గీసుకుని వచ్చింది కూడా. నాకు వెళ్ళాలనే ఉంది. మావారేమో మనకెందుకు ఆ గొడవ, వీసా మీద ఉన్నవాళ్ళం అంటున్నారు. ఇలాంటివాటిల్లో తిరిగినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. అసలు ఇల్లు నిలబడే అవకాశం ఉందా, ఉంటే ఏం చేయాలి?

బెజవాడ_కిషోర్:
మీవారు చెప్పిందే కరెక్ట్ అండి. డబ్బు పెట్టి కొన్నాడు, ఆయన ఇష్టం. ఇక్కడ ఇళ్ళు దొరక్క మనవాళ్ళు ట్రేసీ నుంచి, మౌంటెన్ హౌస్ నుంచి రోజూ డ్రైవ్ చేసుకుని వస్తున్నారు. ఒక్క పాత ఇంటి కోసం పది కుటుంబాలకి ఇల్లు లేకుండా చేయడం నాకు నచ్చదు. పాప గీసిన బొమ్మ ఫ్రేమ్ కట్టించి పెట్టుకోండి, అదీ చరిత్రే.

ఏప్రికాట్_తోట:
కిషోర్ గారూ మీ బాధ నిజమే, కానీ ఒక్కసారి సన్నీవేల్లో ఏం జరిగిందో వినండి, తర్వాత మళ్ళీ మాట్లాడుకుందాం.

మార్టిన్ మర్ఫీ జూనియర్ అని ఐర్లాండ్‌లో పుట్టినాయన. కుటుంబం మొత్తం కెనడా వెళ్ళి, అక్కడ్నుంచి మిస్సోరీ వచ్చి, అక్కడ మలేరియా జ్వరాలకి మనుషులు పోతుంటే 1844లో బండ్లు కట్టుకుని పడమటికి బయల్దేరారు. స్టీవెన్స్, టౌన్సెండ్, మర్ఫీ బృందం అంటారు వాళ్ళని. సియెర్రా నెవాడా కొండలు బండ్లతో దాటిన మొదటి గుంపు వాళ్ళే. రెండేళ్ళ తర్వాత అదే దారిలో డానర్ బృందం మంచులో చిక్కుకుని ఎంతమంది పోయారో అందరికీ తెలుసు, వీళ్ళల్లో మాత్రం దారిలో ఒక్కరూ పోలేదు, పైగా ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకమ్మాయి యూబా నది దగ్గర చలికాలం శిబిరంలో పుట్టింది, మార్టిన్, మేరీల కూతురే, ఎలిజబెత్ యూబా అనే పేరు పెట్టుకున్నారు.

1850లో ఆయన ఇప్పటి సన్నీవేల్, మౌంటెన్ వ్యూ ఉన్నచోట వేల ఎకరాల రాంచో (పెద్ద పశువుల ఎస్టేట్) కొన్నాడు. ఇల్లు కట్టడానికి కలప ఎక్కడ్నుంచి తెప్పించాడనుకున్నారు, అటు అట్లాంటిక్ ఒడ్డున మెయిన్ రాష్ట్రంలో కోయించి, ఓడలో దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ చుట్టూ తిప్పి తెప్పించాడు. అప్పటికి పనామా కాలవ లేదు కదా. శాంటా క్లారా కౌంటీలో మొదటి చెక్క ఫ్రేమ్ ఇల్లు అదే అంటారు. వందేళ్ళ పైన ఆ కుటుంబమే ఉంది అందులో. తర్వాత సిటీ చేతికొచ్చింది, స్టేట్ ల్యాండ్‌మార్క్ (రాష్ట్రం గుర్తించిన చారిత్రక కట్టడం) కూడా అయింది, నంబర్ 644. మధ్యలో అగ్నిప్రమాదం జరిగింది. 1961లో కూల్చేశారు.

ఇప్పుడు మీరు రెమింగ్టన్ డ్రైవ్‌లో కమ్యూనిటీ సెంటర్ వెనక చూసే హెరిటేజ్ పార్క్ మ్యూజియం, ఆ ఇంటికి నకలు. హిస్టారికల్ సొసైటీ వాళ్ళు ఏళ్ళ తరబడి విరాళాలు పోగుచేసి 2008లో తెరిచారు. పక్కన ఏప్రికాట్ తోట ఉంటుంది, చాలా అందంగా ఉంటుంది, నాకు చాలా ఇష్టం. కానీ కేప్ హార్న్ తిరిగొచ్చిన ఒక్క పలక కూడా ఆ గోడల్లో ఉండదు. కూల్చింది కొన్ని రోజుల పని, నకలు కట్టడానికి నలభై ఏడేళ్ళు పట్టింది. సిరిమల్లె గారూ, వెళ్ళండి.

దోసెల_దొర:
ప్రతి శనివారం మర్ఫీ అవెన్యూలో ఫార్మర్స్ మార్కెట్‌కి వెళ్తా, ఎవరీ మర్ఫీ అని ఒక్కరోజు కూడా అనుకోలేదు. థాంక్స్.

పిడుగురాళ్ళ_పిల్ల:
మలేరియాకి భయపడి ఖండం దాటారా!! నేను దోమలకి భయపడి ఊరెళ్ళడం మానేశా అని అమ్మ తిడుతుంది, ఈ పోస్ట్ చూపిస్తా.

గోల్కొండ_గల్లీ:
సిరిమల్లె అక్కా, ముందుగాల ఒక్కటి చెప్పు. ఆ ఇల్లు ఏ చారిత్రక ఇండ్ల లిస్టుల ఉన్నది? నేషనల్ రిజిస్టరా, స్టేట్‌దా, మీ ఊరి సిటీ లిస్టా? దీనిమీదనే మొత్తం నడుస్తది. చానమంది నేషనల్ రిజిస్టర్ల పేరుంటే ఎవ్వరు ముట్టుకోరు అనుకుంటరు. అట్లేం లేదు. ప్రైవేటు ఓనర్ సొంత పైసలతోని కూల్చుకుంటే ఆ రిజిస్టర్ ఆపలేదు, ఫెడరల్ పైసలో ఫెడరల్ పర్మిషనో మధ్యల ఉంటెనే దానికి బలం. అసలు ఓనర్ వద్దు అని రాసిస్తే అందుల ఎక్కియ్యనే ఎక్కియ్యరు. ఆపే శక్తి ఉన్నది పాత కట్టడాలను కాపాడనీకి ఊరు పెట్టుకున్న చట్టం, ల్యాండ్‌మార్క్ ఆర్డినెన్స్‌కే. అది ఒక్కో ఊర్ల ఒక్కో తీరు ఉంటది, కొన్ని ఊర్లల్ల కమిషన్ కాదంటే కూల్చుడు కుదరదు, కొన్ని ఊర్లల్ల కొన్ని నెలలు ఆలస్యం చేసుడు తప్ప ఏం చెయ్యలేరు.

బెజవాడ_కిషోర్:
చూశారా, కొన్ని నెలలు ఆలస్యం. దానికోసం అందర్నీ కూడగట్టడం దేనికి.

గోల్కొండ_గల్లీ:
ఆ నెలల్లనే పని అయితది అన్నా. హైదరాబాద్ల ఇర్రం మంజిల్ ప్యాలెస్ సంగతి యాదికున్నదా? కూలగొట్టి కొత్త అసెంబ్లీ కడతమన్నరు, జనం కోర్టుకు పోయిండ్రు, 2019 సెప్టెంబర్ల హైకోర్టు ఆ కేబినెట్ నిర్ణయం కొట్టేసింది. ఇయ్యాలటికి నిలబడే ఉన్నది. టైం దొరకకపోతే ఎట్ల నిలబడేది?

సిరిమల్లె_సౌత్‌బే:
అడిగి తెలుసుకున్నా. సిటీ సర్వేలో "అర్హత ఉంది" అని రాసి ఉందంట, కానీ ల్యాండ్‌మార్క్‌గా పెట్టలేదు. ఆ పెద్దావిడ ఉన్నన్నాళ్ళు ఎవరూ దాని జోలికి పోరులే అనుకుని ఆగారంట. ఇంకో డౌటు, నేను హెచ్1 వీసా మీద ఉన్నా, మీటింగ్‌లో మాట్లాడితే ఏమన్నా అవుతుందా?

కాఫీ_మైక్:
ఏమీ కాదండీ. కాలిఫోర్నియాలో బ్రౌన్ యాక్ట్ అని 1953 నుంచీ ఉంది, ఊరి కౌన్సిల్, కమిషన్ మీటింగులన్నీ జనానికి తెరిచే పెట్టాలి, ఎవరైనా మాట్లాడొచ్చు, సిటిజన్ అవ్వక్కర్లేదు, ఓటు ఉండక్కర్లేదు. మీటింగ్‌కి రావాలంటే పేరు రాయాలి అని కూడా షరతు పెట్టకూడదు. రెగ్యులర్ మీటింగ్ అజెండా 72 గంటల ముందు పెట్టాలి, అది చూసుకుని వెళ్ళండి. మామూలుగా మనిషికి మూడు నిమిషాలిస్తారు, జనం ఎక్కువైతే తగ్గిస్తారు. నేను మా ఊళ్ళో స్కూలు బోర్డు మీటింగుల్లో గ్రీన్ కార్డ్ రాకముందు నుంచీ మాట్లాడుతున్నా.

పాతకలప:
స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, ఎక్కువ రెట్రోఫిట్ (పాత ఇళ్ళని భూకంపానికి తట్టుకునేలా బలపరిచే) పనులే. "ఇల్లు పాడైపోయింది, బాగుచేయడం కుదరదు" అని ఓనర్ తరఫున ఒక రిపోర్ట్ వస్తుంది చూడండి, దాన్ని జాగ్రత్తగా చదవండి. నేను చూసిన ఆ కాలపు ఇళ్ళల్లో చాలావాటికి ఒంట్లో కలప బాగానే ఉంటుంది, ఎందుకంటే అది పాత రెడ్‌వుడ్. వందల ఏళ్ళు పెరిగిన చెట్టు, ఆ ఎర్రటి లోపలి చెక్కకి చెదలు, కుళ్ళు తొందరగా పట్టవు. అలాంటిది ఇవాళ లంబర్ యార్డులో కొనాలన్నా దొరకదు. పాడయ్యేది ఎప్పుడూ కింద, నేలకి ఆనుకున్న దూలాలు, నీళ్ళు కారే చోట్లు, పొయ్యి గొట్టం చుట్టూ.

అసలు సమస్య పునాది. ఆ కాలంలో ఇటుక మీదో, రాళ్ళ మీదో, ఒక్కోసారి ఊరికే చెక్క మొద్దుల మీదో ఇల్లు కూర్చోబెట్టేవాళ్ళు, బోల్టులుండవు. భూకంపం వస్తే ఇల్లు పునాది మీంచి జారుతుంది, 1989లో లోమా ప్రియేటాకి అలా జారినవి చాలానే ఉన్నాయి. దానికి మందు తెలిసిందే: జాకీలతో కొంచెం లేపి, కింద కాంక్రీటు పోసి, బోల్టులేసి, ప్లైవుడ్ కట్టు కడతాం. ఇంకొకటి, ఇక్కడి పాత ఇళ్ళు కొన్నింటికి గోడలో నిట్రాళ్ళే ఉండవు, నిలువు పలకలే గోడ, సింగిల్ వాల్ అంటాం. మామూలు కోడ్ ప్రకారం చూస్తే అది పాస్ కాదు. అందుకే రాష్ట్రానికి హిస్టారికల్ బిల్డింగ్ కోడ్ అని వేరే ఉంది, అర్హత ఉన్న పాత ఇంటికి సిటీ దాన్ని ఒప్పుకుని తీరాలి. రిపోర్ట్ రాసినాయన మామూలు కోడ్‌తో కొలిచాడా దీంతో కొలిచాడా అని మీటింగ్‌లో అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు కోసం వాయిదా పడ్డవి చూశాను.

ఇటుక పునాది ఎక్కడైనా ఉంచుతామంటే దాని సందుల్లో సిమెంటు మాత్రం పూయనివ్వకండి. పాత ఇటుక మెత్తనిది, అది సున్నంతోనే బతుకుతుంది. సిమెంటు గట్టిది, తడిని బయటికి పోనివ్వదు, నాలుగు వానాకాలాలకి ఇటుక ముఖం రాలిపోతుంది.

అత్తిలి_అబ్బాయి:
మా తాతగారి మండువా ఇంటికి ఇదే చేశారండీ. సున్నం గోడలకి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాడు మేస్త్రి, గట్టిగా ఉంటుందని. ఇప్పుడు గోడ కింద నుంచి నడుము ఎత్తు దాకా ఉబ్బిపోయి పెచ్చులు ఊడుతున్నాయి. దీనికి మళ్ళీ సున్నం పూయొచ్చా?

పాతకలప:
పూయొచ్చు, ముందు సిమెంటు మొత్తం గీకించి గోడని బాగా ఆరనివ్వాలి. వేరే థ్రెడ్ వేయండి, ఫోటోలు పెట్టండి, చెప్తాను.

కిటికీ_పక్కన:
లెడ్ పెయింట్ సంగతి ఎవరూ చెప్పలేదు. 1978 ముందు ఇళ్ళన్నిటిలో ఉండే అవకాశం ఉంది, పిల్లల్ని తీసుకుని ఆ ఇంటి దగ్గర ఎండిన పెయింట్ పెచ్చుల్లో ఆడించకండి. గీకే పనైతే సర్టిఫికెట్ ఉన్న కాంట్రాక్టరే చేయాలి.

నల్లరేగడి:
నాకు నచ్చని మాట ఒకటి చెప్తా, ఎవరూ ఏమనుకోవద్దు. "పయొనీర్" ఇల్లు అంటూ అందరూ మురిసిపోతున్నారు. వాళ్ళు ఖాళీ నేల మీదకొచ్చారా? ఇక్కడి మూలవాసులు ఒలోనీ జనం వేల ఏళ్ళుగా అక్కడే ఉన్నారు. వాళ్ళని స్పెయిన్‌వాళ్ళ చర్చి మిషన్లలో పెట్టి పని చేయించారు, తర్వాత మెక్సికో కాలంలో రాంచోలుగా పంచుకున్నారు, ఆ తర్వాత ఈ మర్ఫీలు, మిగతావాళ్ళు కొన్నారు. తోటల్లో కూలి చేసింది చైనావాళ్ళు, వాళ్ళని 1882లో చట్టం పెట్టి రావద్దన్నారు. తర్వాత జపాన్‌వాళ్ళు, వాళ్ళకి 1913లో భూమి కొనే హక్కు తీసేశారు. సిటిజన్ కాలేనివాళ్ళకి భూమి లేదనే ఆ చట్టం మనవాళ్ళకీ తగిలింది, సుప్రీం కోర్టు 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు సిటిజన్లు కాలేరంది, దాంతో పంజాబీ రైతులు సొంత పేరు మీద పొలం పెట్టుకోలేకపోయారు. మన పేర్లు గోడ మీద ఎక్కడా లేని ఇంటి కోసం మనం మైకు ముందు నిలబడాలా?

దోసెల_దొర:
థ్రెడ్ వేడెక్కింది, టీ పెట్టుకుని వస్తా ఆగండి.

ఏప్రికాట్_తోట:
నల్లరేగడి గారూ, మీరు చెప్పినవన్నీ నిజం. అందుకే ఇల్లు ఉండాలంటాను నేను. ఇల్లే లేకపోతే ఆ ప్రశ్న ఎక్కడ నిలబడి అడుగుతారు? టౌన్‌హోము గ్యారేజీ ముందా? ఆ ఇంటి వెనక కొట్టంలో ప్రూన్ ఎండబెట్టిన పళ్ళేలుంటాయి, వాటి మీద చేయిపడింది ఎవరిదో చెప్పించాలి. మ్యూజియంలో ఓనరమ్మ పియానో ఒక్కటే చూపిస్తుంటే వెళ్ళి ఇంకోటి చూపించండి అని అడిగేవాళ్ళు సొసైటీలో మెంబర్లుగా ఉండాలి. బయట్నుంచి తిడితే మారదు. శాన్ హోసే హిస్టరీ పార్కులో చైనావాళ్ళ గుడి ఎన్‌గ్ షింగ్ గుంగ్‌ని మళ్ళీ కట్టించి మ్యూజియం చేశారు. అసలుది 1949లో కూల్చేశారు. అది మళ్ళీ లేచింది పూనుకున్న మనుషుల వల్ల.

కనిగిరి_కుర్రాడు:
మన పేర్లు అస్సలు లేవని కాదు. దరిశి చెంచయ్య గారిది మా కనిగిరి, 1912లో అమెరికా వచ్చి బర్క్‌లీలో చదువుకుంటూ, మన స్వాతంత్ర్యం కోసం ఇక్కడ పెట్టిన గదర్ పార్టీలో మొదట్నుంచీ ఉన్నారు, తర్వాత జైలుకీ వెళ్ళారు. ఆయన ఉన్న గది ఏ వీధిలోదో, ఆ ఇల్లు ఉందో లేదో ఎవరైనా వెతికారా? శాన్ ఫ్రాన్సిస్కో వుడ్ స్ట్రీట్‌లో గదర్ మెమోరియల్ ఉంది, ఇప్పుడున్నది 1970ల్లో కట్టిన కొత్త బిల్డింగే. మొదటి తెలుగువాళ్ళ ఆనవాళ్ళు వెతకాలన్నా ఇక్కడి హిస్టారికల్ సొసైటీల పాత పేపర్లు, డైరెక్టరీలు, ఫోటోలే దిక్కు. వాళ్ళతో ఇప్పుడు స్నేహం చేస్తే రేపు మన పనికీ తలుపు తెరుస్తారు.

నల్లరేగడి:
చెంచయ్య గారి సంగతి బాగా చెప్పారు. సరే, ఆ ఇంట్లో కూలీల కథ కూడా పెట్టాలి అనే షరతు మీద నేనూ ఒక ఈమెయిల్ రాస్తా. సిరిమల్లె గారూ, అడ్రస్ మెసేజ్ చేయండి.

బెజవాడ_కిషోర్:
అందరూ ఎమోషనల్‌గా మాట్లాడుతున్నారు, లెక్కలు మాట్లాడండి. ఇల్లు నిలబెడితే ఎవరు మెయింటైన్ చేస్తారు? రూఫ్ ఎవరు వేయిస్తారు? సొసైటీకి అంత డబ్బుంటుందా? మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో లిఫ్ట్ బాగుచేయించడానికే అందరూ పారిపోతారు.

ట్యాక్స్_తాతయ్య:
ఇది మంచి ప్రశ్న. కాలిఫోర్నియాలో మిల్స్ యాక్ట్ అని ఉంది, 1972 నుంచి. చారిత్రక ఇల్లు ఉన్న ఓనరు సిటీతో ఒప్పందం రాసుకుంటాడు, కనీసం పదేళ్ళు, ఏటా దానంతటదే ఒక ఏడాది పొడిగించుకుంటూ పోతుంది. ఇంటిని బాగుచేసి కాపాడతానంటాడు, బదులుగా ప్రాపర్టీ ట్యాక్స్ వేరే పద్ధతిలో లెక్కకట్టి తగ్గిస్తారు. ఇల్లు అమ్మినా ఒప్పందం కొత్త ఓనరు మీదకి వెళ్తుంది. అయితే మీ సిటీ ఆ ప్రోగ్రాంలో ఉండాలి, అన్ని ఊళ్ళూ లేవు, కనుక్కోండి.

ఇక్కడొక తిరకాసు ఉంది. ముప్పై నలభై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి 1978 నాటి ప్రాప్ 13 (ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుదలకి హద్దు పెట్టిన చట్టం) వల్ల ట్యాక్స్ ముందే తక్కువ, వాళ్ళకి మిల్స్ యాక్ట్‌తో పెద్దగా మిగలదు. కొత్తగా మార్కెట్ రేటుకి కొన్నవాడికి మాత్రం బాగా మిగులుతుంది, సగం దాకా తగ్గిన సందర్భాలున్నాయి. అంటే సిరిమల్లె గారి వీధిలో కొన్నాయనకే ఇది బాగా పనికొస్తుంది. ఆయనతో ఎవరైనా ఈ మాట చెప్పారా? ఇంటిని ఆఫీసుగానో, అద్దెకో ఇచ్చి, నేషనల్ రిజిస్టర్‌లో ఎక్కిస్తే, ప్రమాణాల ప్రకారం బాగుచేసిన ఖర్చులో 20 శాతం ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ కూడా ఉంది. సొంతానికి కాపురముంటే మాత్రం ఆ క్రెడిట్ రాదు. సీపీఏతో, అంటే ట్యాక్స్ అకౌంటెంట్‌తో మాట్లాడుకోమనండి.

గోల్కొండ_గల్లీ:
తాతయ్య చెప్పింది బంగారం. ఓనర్‌ను దుష్మన్ లెక్క చూసుడు ఆపాలె ముందు. ఓనర్ ఒప్పుకుంటే సగం పని అయిపోయినట్టే.

రెంగ్‌స్టార్ఫ్_రవి:
నా హ్యాండిల్ చూసి ఎప్పుడూ అడుగుతారు కదా, నేను ఆ అవెన్యూ మీదే అద్దెకుండేవాణ్ణి. హెన్రీ రెంగ్‌స్టార్ఫ్ జర్మనీ నుంచి 1850లో వచ్చి ఇక్కడ కూలిపని నుంచి మొదలుపెట్టి పొలాలు సంపాదించాడు. ఆయన ఇల్లు 1867 నాటిది. అది పాడుబడిపోయి కూల్చే దాకా వచ్చింది, మౌంటెన్ వ్యూ సిటీ 1979లో తీసుకుంది, 1986లో ఇంటిని అసలు చోటు నుంచి షోర్‌లైన్ పార్కుకి తీసుకెళ్ళి పెట్టారు, బాగుచేసి 1991లో తెరిచారు. ఇప్పుడు వారంలో కొన్ని రోజులు వాలంటీర్లు తిప్పి చూపిస్తారు, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ అద్దెకిస్తారు. కిషోర్ గారు అడిగిన మెయింటెనెన్స్ లెక్కకి ఇదొక జవాబు. ఫ్రీమాంట్‌లో ఆర్డెన్‌వుడ్ ఫార్మ్‌లో ప్యాటర్సన్ హౌస్ చూడండి, అది కదల్చకుండా ఉన్నచోటే ఉంది, 1857 నాటి ఫార్మ్‌హౌస్‌కి 1889లో ముందువైపు పెద్ద భాగం కట్టారు. చుట్టూ పొలం కూడా ఉండటంతో ఇల్లు అర్థమవుతుంది. మా వాడు అక్కడ మొక్కజొన్న కంకులు తనే విరిచాడు, ఆరోజు నుంచీ అమ్మమ్మకి ఫోన్ చేసి వ్యవసాయం చెప్తున్నాడు.

బెజవాడ_కిషోర్:
ఇంటిని మోసుకెళ్ళడం అనేది నాకు నచ్చింది. స్థలంలో టౌన్‌హోములు వస్తాయి, ఇల్లూ ఉంటుంది. అదే అడగొచ్చు కదా?

పాతకలప:
అడగొచ్చు, ఆఖరి మందుగా. కదిలిస్తే దాని చోటు పోతుంది, రిజిస్టర్ అర్హత కూడా కష్టమవుతుంది. పొగగొట్టాలు, ఇటుక పొయ్యిలు విప్పేయాలి, దారిలో కరెంటు తీగలు పైకెత్తాలి, చెట్లు కొట్టాలి, పెట్టే స్థలం కావాలి. అంతకన్నా తేలికైంది ఒకటుంది. ఎకరం స్థలమైతే ఇంటిని ముందు భాగంలో ఉంచి, వెనక టౌన్‌హోములు కట్టమనండి. పాత ఇల్లు ఆ కాలనీకి క్లబ్‌హౌసో, డేకేర్ సెంటరో అవుతుంది. డెవలపర్లు ఒప్పుకున్నవి నాకు తెలుసు, ఎందుకంటే హియరింగులతో ఏడాది పోగొట్టుకోవడం కన్నా అది చవక.

బెజవాడ_కిషోర్:
ఇళ్ళు తగ్గకుండా ఉంటే నాకు అభ్యంతరం లేదు. వెనక మూడంతస్తులకి పర్మిషన్ ఇవ్వమని కూడా మీరే అడగండి మరి, అప్పుడు మీ మీద నమ్మకం కుదురుతుంది.

సిరిమల్లె_సౌత్‌బే:
అది నిజంగా అడుగుతాను కిషోర్ గారూ. స్థలం ఎకరం పైనే ఉంది, ఇల్లు రోడ్డు వైపే ఉంది. సొసైటీ ఆవిడకి చెప్తే, మేము కూల్చొద్దు అని మాత్రమే అంటున్నాం, ఇలా కట్టు అని చెప్పలేదు అంది. వాళ్ళ దగ్గర ప్లాన్లు గీసేవాళ్ళెవరూ లేరంట.

పాతకలప:
సైట్ ప్లాన్ పంపండి, ఒక స్కెచ్ గీసిస్తాను, ఫీజు అక్కర్లేదు.

కడప_కారం:
సీపీ బ్రౌన్ దొర కడపలో బంగళా కొని పండితుల్ని కూర్చోబెట్టి తెలుగు తాళపత్రాలు రాయించినాడు కదా. ఆ బంగళా కూలి మొండిగోడలైపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా తిరిగి చందాలడిగి ఆ జాగాలోనే లైబ్రరీ కట్టించినారు. ఇప్పుడు చదువుకునేటోళ్ళు వస్తాండారు, మంచిదే. కానీ పండితులు పుస్తకాలు సరిచూసిన ఆ గదిలో కూచోవాలంటే ఇంక కుదరదు. మనకి జరిగిందే వాళ్ళకి సన్నీవేల్లో జరిగింది. ఇంకోతూరి ఎందుకు జరగనియ్యాల?

మ్యాపుల_మాధవి:
లైబ్రరీలో పనిచేస్తాను. ల్యాండ్‌మార్క్ అప్లికేషన్‌కి "పాతది, అందంగా ఉంది" అంటే చాలదు, ఎవరు కట్టారు, ఏ ఏడు, ఎంత మిగిలుంది అని కాగితం చూపించాలి. కౌంటీ రికార్డర్ ఆఫీసులో దస్తావేజులు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పట్టుకుంటూ వెళ్ళండి. ట్యాక్స్ లెక్కల్లో ఇంటి విలువ ఒక్కసారి పెరిగిన ఏడు కనిపిస్తే ఆ ఏడే కట్టి ఉండొచ్చు. సాన్‌బార్న్ అని ఫైర్ ఇన్సూరెన్స్ కోసం గీసిన మ్యాపులున్నాయి, ఆ కంపెనీ 1867లో మొదలైంది, ఇల్లు చెక్కదా ఇటుకదా, ఎన్ని అంతస్తులు, వరండా ఎటువైపు అన్నీ రంగుల్లో ఉంటాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో చాలావరకు ఫ్రీ. ఊరి బయట తోటల ఇళ్ళు అందులో ఉండకపోవచ్చు, అప్పుడు కౌంటీ పాత అట్లాసులు చూడాలి. పది సంవత్సరాలకొకసారి జరిగే సెన్సస్‌లో ఆ ఇంట్లో ఎవరెవరున్నారో, పనివాళ్ళ పేర్లతో సహా ఉంటాయి. నల్లరేగడి గారు అడిగిన కూలీల పేర్లు దొరికేది అక్కడే. 1890 సెన్సస్ మాత్రం అగ్నిప్రమాదంలో దాదాపు మొత్తం పోయింది, దానికోసం టైం వేస్ట్ చేయకండి.

పాతకలప:
మాధవి గారు చెప్పిన కాగితాలకి తోడు మేకులు చూడండి. చదరపు కొన ఉన్న కట్ మేకులుంటే 1890ల ముందుది, గుండ్రటి తీగ మేకులుంటే ఆ తర్వాత చేసిన పని. ఒకే ఇంట్లో రెండూ ఉంటే ఏ గది ఎప్పుడు కలిపారో తెలిసిపోతుంది. ఓనరు పర్మిషన్ లేకుండా లోపలికి మాత్రం వెళ్ళొద్దు.

ప్లానో_పార్వతి:
మా ప్లానోలో (టెక్సస్) హెరిటేజ్ ఫామ్‌స్టెడ్ మ్యూజియం ఉంది, 1891 నాటి ఇల్లు, చుట్టూ ఇప్పుడన్నీ మన ఇళ్ళే. స్కూలు పిల్లలు వెళ్ళని సంవత్సరం ఉండదు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు మాల్‌కి రానంటారు గానీ అక్కడికి మళ్ళీ మళ్ళీ తీసుకెళ్ళమంటారు, వంటింటి కట్టెపొయ్యి దగ్గర ఆ వాలంటీరు ఆవిడా ఈవిడా భాష రాకుండానే గంట మాట్లాడుకున్నారు.

పాలకొల్లు_పద్మ:
మా ఊరి సొసైటీలో (ఈస్ట్ బే) నేను మెంబర్‌ని. చెప్పాల్సింది ఒకటుంది. ఈ సొసైటీలు నడుపుతున్నవాళ్ళు దాదాపు అందరూ రిటైరైనవాళ్ళు. ఫోటోల డబ్బాలు, డైరీలు, పాత పేపర్ల కటింగులు వాళ్ళ గరాజుల్లోనూ, వాళ్ళ బుర్రల్లోనూ ఉన్నాయి. స్కాన్ చేసేవాళ్ళు లేరు, వెబ్‌సైట్ చూసుకునేవాళ్ళు లేరు, గ్రాంట్‌కి అప్లికేషన్ రాసేవాళ్ళు లేరు. మనం రోజూ ఆఫీసులో చేసే పనులే ఇవన్నీ. నేను వెళ్ళి డేటాబేస్ చేసిస్తానంటే నా చేతులు పట్టుకున్నారు. మెంబర్‌షిప్ మనం ఒకసారి బయట తిన్నదానికన్నా తక్కువే ఉంటుంది. మీరెక్కడివాళ్ళు, ఇది మీ చరిత్రా అని ఎవరూ అడగలేదు. వాళ్ళకి కావాల్సింది తమ తర్వాత ఈ పని పట్టుకునే మనిషి. సిరిమల్లె గారూ, మీటింగ్‌కి వెళ్ళడం ఒకెత్తు, ఆ తర్వాత కూడా ఆవిడకి ఫోన్ చేస్తూ ఉండడం ఇంకో ఎత్తు.

దోసెల_దొర:
పద్మ గారి పోస్ట్ పిన్ చేయండి అడ్మిన్ గారూ.

గోల్కొండ_గల్లీ:
ఇంకొక్క ముచ్చట. ఇల్లు చారిత్రకం అని తేలితే కూల్చుడును స్టేట్ ఎన్విరాన్‌మెంట్ చట్టం, సీక్వా, పెద్ద నష్టం కింద లెక్కపెడతది. అప్పుడు ఈఐఆర్, అంటే ఏమేం నష్టమైతదో చూపే రిపోర్ట్ రాయాలె, కూల్చకుంట చేసే వేరే మార్గాలు అందుల చూపియ్యాలె. పాతకలప అన్న గీసే స్కెచ్‌కు జాగ అక్కడ. ఈ నడుమ హౌసింగ్ కోసమని చాన మినహాయింపులు తెచ్చిండ్రు, కానీ ముందే రిజిస్టర్ల ఎక్కిన ఇల్లును కూల్చే ప్రాజెక్టుకు చాలవాటిల ఆ మినహాయింపు రాదు. అప్లికేషన్ పడ్డంక ఎక్కిస్తే పనికొస్తదా రాదా అనేది తేదీల లెక్క, దానికి లాయర్‌నే అడగాలె. కౌన్సిల్ తలుచుకుంటే ఈఐఆర్ అయినంక కూడా "ఇంతకన్నా పెద్ద లాభం ఉన్నది" అని రాసి కూల్చనియ్యొచ్చు. అందుకే కాగితం ఎంత ముఖ్యమో హాల్ల కుర్చీలు నిండుడు గంతే ముఖ్యం.

సిరిమల్లె_సౌత్‌బే:
అప్‌డేట్. నిన్న మీటింగ్ అయింది. మావారు కూడా వచ్చారు, ఆయనే ముందు మాట్లాడారు! పునాది రిపోర్ట్ ఏ కోడ్‌తో రాశారని పాతకలప గారి ప్రశ్న అడిగారు. ఓనరు తరఫున వచ్చినాయన దగ్గర జవాబు లేదు, కనుక్కుని చెప్తానన్నాడు. నేను స్కెచ్ చూపించి, ముందు ఇల్లు, వెనక మూడంతస్తులు, టౌన్‌హోములు ఒకటి కూడా తగ్గక్కర్లేదు అన్నాను. పాప గీసిన బొమ్మ కమిషనర్లకి ఇచ్చింది, తీసుకుని రికార్డులో పెట్టారు. కమిషన్ వచ్చే నెలకి వాయిదా వేసింది, ఈలోపు ల్యాండ్‌మార్క్ అర్హత మీద సిటీ స్టాఫ్ రిపోర్ట్ ఇవ్వాలన్నారు. బయటికొచ్చాక ఓనరే మా దగ్గరికొచ్చి ఆ ట్యాక్స్ సంగతేంటి అని అడిగాడు, తాతయ్య గారి పోస్ట్‌లో ఉన్నవన్నీ చెప్పాను, రాసుకున్నాడు. గెలిచాం అనట్లేదు, ఇంకా ఏమీ తేలలేదు. వచ్చే నెల మీటింగ్‌కి మన గ్రూపులో సౌత్ బేలో ఉన్నవాళ్ళు ఎంతమంది రాగలరు?

బెజవాడ_కిషోర్:
నేనొస్తా. మూడంతస్తులు అడిగిన మాట నిలబెట్టుకున్నారు కాబట్టి. కార్లో ఇంకా ముగ్గురికి చోటుంది, ఫ్రీమాంట్ నుంచి ఎవరైనా వస్తే మెసేజ్ చేయండి.

మ్యాపుల_మాధవి:
శనివారం పొద్దున రికార్డర్ ఆఫీసు ఉండదు, సోమవారం లీవ్ పెట్టుకున్నా. సిరిమల్లె గారూ, ఆ ఇంటి పార్సెల్ నంబర్ పంపండి, అసెసర్ సైట్‌లో అడ్రస్ కొడితే వస్తుంది. 1870 నుంచి దస్తావేజులు నేను చూస్తాను, సెన్సస్ నల్లరేగడి గారు చూస్తారా?

నల్లరేగడి:
చూస్తా. 1880, 1900, 1910 మొదలుపెడుతున్నా ఈ రాత్రికే.